కథనం రాయడం నేర్పడం: తొలి పాఠాలు

1897లో రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో మలేరియా పరాన్నజీవిని దోమ పొట్టలో కనుగొన్నాడు. ఈ మాదిరి వాక్యం మన పిల్లలకి ఏదో ఒక తరగతిలో ఎదురవుతుంది. సంవత్సరం కింద గీత గీసుకుంటారు, ఒక మార్కు ప్రశ్నకి జవాబు రాస్తారు, ఆ తర్వాత మరిచిపోతారు. వాక్యంలో తప్పేమీ లేదు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏమిటి అనే నాలుగు ప్రశ్నలకీ జవాబు ఉంది. అయినా చదివినవాడికి ఏమీ జరిగినట్టు అనిపించదు. ఇందులో సమాచారం ఉంది, కథనం లేదు. ఈ రెండింటికీ తేడా ఏమిటో, ఆ తేడాని హైస్కూలు పిల్లలకి ఎలా పట్టించాలో ఈ పాఠంలో చూద్దాం. ఇది ముఖ్యంగా ఉపాధ్యాయుల కోసం. తొమ్మిది, పది తరగతుల విద్యార్థులు సొంతంగా చదువుకున్నా ఇబ్బంది ఉండదు.

నేను చెప్పే సబ్జెక్టు సైన్సు. కథలతో నీకేం పని అని మీరు అడగవచ్చు. పని ఉంది. ప్రయోగశాల రికార్డు పుస్తకంలో మేము ఉద్దేశం, పరికరాలు, విధానం, ఫలితం అనే శీర్షికల కింద రాయిస్తాం. పరీక్షనాళికను వేడి చేశారు, ద్రవం రంగు మారింది. ఎవరు వేడి చేశారో ఉండదు, వాళ్ళకి చెయ్యి కాలిందో లేదో ఉండదు. ఉండకూడదు కూడా. ఎవరు చేసినా, ఎప్పుడు చేసినా అదే ఫలితం రావాలన్నదే నివేదిక లక్ష్యం. కథనం దీనికి సరిగ్గా ఎదురు దారిలో నడుస్తుంది. ఒక మనిషికి, ఒకానొక రోజున, ఒక్కసారే జరిగినది కథనం. మళ్ళీ చేసి చూపించడానికి వీల్లేదు కాబట్టి, అక్కడ లేనివాడికి కూడా చూసినట్టు అనిపించేలా చెప్పాలి. ఈ రెండు రకాల రాతలూ వచ్చిన పిల్లవాడికి దేన్ని ఎక్కడ వాడాలో తెలుస్తుంది. మన బడుల్లో చాలామందికి రెండూ రావడం లేదు. వాళ్ళు రాసేది మూడో రకం, దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

కథనం కథల పుస్తకాలకే పరిమితం కాదు. జ్వరం వచ్చిన బిడ్డని ఎత్తుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చిన తల్లి డాక్టరుకి చెప్పేది కథనమే. మొన్న సాయంత్రం వణుకు పుట్టింది, దుప్పటి కప్పితే తగ్గలేదు, తర్వాత ఒళ్ళు కాలిపోయింది, చెమట పట్టి దిగిపోయింది, నిన్నంతా ఆడుకున్నాడు, ఇవాళ మళ్ళీ అదే వేళకి వణుకు వచ్చింది. ఈ వరుస వినగానే డాక్టరుకి మలేరియా అనుమానం వస్తుంది, రక్తం పరీక్షకి పంపిస్తాడు. అదే తల్లి వరుస తప్పించి "జ్వరమండీ, వస్తోంది పోతోంది" అంటే, డాక్టరు ఓపికగా ప్రశ్నలు వేసి రాబట్టుకోవాలి. అంత తీరిక అన్నిచోట్లా ఉండదు. పోలీసు స్టేషన్లో ఫిర్యాదు రాసేటప్పుడూ, పంట నష్టానికి అర్జీ పెట్టేటప్పుడూ, బస్సులో తనకి జరిగిన అవమానాన్ని ఒక అమ్మాయి ఇంట్లో చెప్పుకోవలసి వచ్చినప్పుడూ ఇదే పరిస్థితి. జరిగినది జరిగినట్టు చెప్పలేకపోతే నమ్మేవాళ్ళు తగ్గిపోతారు. కాబట్టి దీన్ని పరీక్షలో ఐదు మార్కుల వ్యవహారంగా మాత్రమే చూడకండి.

సికింద్రాబాదులో ఒక రాత్రి

మళ్ళీ రాస్ దగ్గరికి వద్దాం. పాఠమంతా ఈ ఒక్క ఉదాహరణ మీదనే నడిపిద్దాం. ఇది మన ఊళ్ళో జరిగినది, నిజంగా జరిగినది.

మలేరియా చెడుగాలి వల్ల వస్తుందని చాలాకాలం నమ్మారు. ఇటాలియన్ భాషలో ఆ పేరుకి అర్థం అదే. 1880లో అల్జీరియాలో ఉన్న ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ రోగి రక్తంలో పరాన్నజీవిని చూశాడు. అది ఒకరి నుంచి మరొకరికి ఎలా చేరుతుందన్నది మాత్రం తేలలేదు. లండన్‌లో పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడికి దోమల మీద అనుమానం. 1894లో సెలవు మీద అక్కడికి వచ్చిన రాస్‌కి ఆయన ఆ ఆలోచన చెప్పాడు. రాస్ అల్మోరాలో పుట్టినవాడు, ఇండియన్ మెడికల్ సర్వీసులో డాక్టరు. 1895లో సికింద్రాబాదు చేరి దోమల్ని కోసి సూక్ష్మదర్శిని కింద చూడటం మొదలుపెట్టాడు. మధ్యలో కలరా పని మీద బెంగుళూరులో గడిపిన కాలం పోను, ఎన్ని దోమల్ని కోసినా ఏమీ దొరకలేదు. అతను కోస్తున్నవి మలేరియాని మోసే జాతి దోమలు కావు. ఆ సంగతి అతనికి తెలియదు.

1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న దోమలు కొన్ని అతని చేతికి వచ్చాయి. మనం ఇప్పుడు అనాఫిలిస్ అంటున్న రకం. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టి, వాటిని లోపలికి వదిలి కుట్టించాడు. కుట్టిన దోమకి ఒక అణా చొప్పున అతనికి ఇచ్చాడు. తర్వాత ఆ దోమల్ని ఒక్కొక్కటే కోస్తూ వచ్చాడు. ఆగస్టు 20 మధ్యాహ్నానికి కళ్ళు అలసిపోయాయి. ఉక్క. పంకా వేసుకుంటే కోసిపెట్టినవి ఎగిరిపోతాయి కాబట్టి పంకా లేదు. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి, కంటి దగ్గరి కటకం పగిలి ఉంది. ఆ రోజు కోసిన దోమ పొట్ట గోడలో గుండ్రటి కణాలు కనిపించాయి. వాటిలో నల్లటి రేణువులు ఉన్నాయి. మలేరియా రోగి రక్తంలోని పరాన్నజీవిలో కనిపించే రేణువుల వంటివే.

దొరికినట్టేనా? ఇంకా కాదు. అది ఆ ఒక్క దోమకే ఉన్న ఏదైనా విశేషం కావచ్చు. ఆ కణాలు బతికినవీ, పెరుగుతున్నవీ అని తేలాలంటే, అదే రోజు రక్తం తాగిన ఇంకో దోమని మర్నాడు కోసి చూడాలి. అప్పుడు కణాలు ఇంకా పెద్దవిగా ఉండాలి. హుస్సేన్ ఖాన్‌ని కుట్టినవాటిలో ఇక మిగిలింది ఒక్క దోమ. అది తెల్లవారేదాకా బతికి ఉండాలి.

బతికింది. ఆగస్టు 21న దాన్ని కోశాడు. కణాలు పెద్దవయ్యాయి.

ఇదీ సంగతి. ఇప్పుడు మీరు తరగతిలో ఒక ప్రశ్న వేయండి. ఈ మొత్తంలో మీరు ఊపిరి బిగబట్టిన చోటు ఏది? పిల్లలు దాదాపు ఒకే చోటు చూపిస్తారు. ఆగస్టు 20కి, 21కి మధ్య ఉన్న రాత్రి. పాఠ్యపుస్తకపు వాక్యంలో ఆ రాత్రి లేదు. రెండేళ్ళ శ్రమ లేదు, తప్పు జాతి దోమలు లేవు, పగిలిన కటకం లేదు, అణాలు లేవు. ఒక మనిషికి ఏదో కావాలి, అది దొరుకుతుందో లేదో తెలియదు, దొరక్కుండా చేసేవి చుట్టూ ఉన్నాయి. ఈ మూడూ ఉన్నచోట కథనం ఉంటుంది. కావలసినది పెద్దదే కానక్కర్లేదు. పోయిన పెన్సిలు దొరకడం కూడా చాలు, పిల్లవాడికి ఆ పెన్సిలు నిజంగా కావలసినదైతే.

ఎక్కడ ఆగాలి, ఎక్కడ దాటేయాలి

పిల్లల రాతల్లో సర్వసాధారణంగా కనిపించే లోపం అన్నిటికీ సమానంగా చోటు ఇవ్వడం. విహారయాత్ర గురించి రాయమంటే పొద్దున్న లేవడం నాలుగు వాక్యాలు, బస్సు ఎక్కడం నాలుగు వాక్యాలు, టిఫిను నాలుగు, నాగార్జునసాగర్ నాలుగు, ఇంటికి తిరిగి రావడం నాలుగు. ఎవరికీ కోపం రాకుండా పంచినట్టు ఉంటుంది. సూక్ష్మదర్శిని వాడిన పిల్లలకి నేను ఇలా చెబుతాను. ముందు తక్కువ వర్ధనం పెట్టి పలకంతా ఒకసారి చూస్తాం. కావలసినది ఎక్కడుందో తెలిశాక ఎక్కువ వర్ధనానికి మారుస్తాం. పలకలో ప్రతి అంగుళాన్నీ ఎక్కువ వర్ధనంలో చూడాలనుకుంటే పీరియడ్ అయిపోతుంది. పైన చెప్పిన రాస్ కథనాన్నే తీసుకోండి. ఎన్నో నెలల విఫలమైన పని రెండు మూడు వాక్యాల్లో వెళ్ళిపోయింది. ఒక్క మధ్యాహ్నానికి పేరా అంత చోటు పట్టింది.

విచిత్రం ఏమంటే, ఈ వర్ధనం మార్చే మీట తెలుగు క్రియలోనే ఉంది. ఈ రెండు వాక్యాలు చూడండి. "మా తాత రోజూ పొద్దున్నే బావి దగ్గరికి వెళ్ళేవాడు." "ఆ రోజు మా తాత బావి దగ్గరికి వెళ్ళలేదు." మొదటిది అలవాటు. ఎన్నో ఉదయాలు ఒక్క క్రియలో ఇమిడాయి. రెండోది ఒక్క ఉదయం. మొదటి వాక్యం విన్నవాడు తల ఊపుతాడు, రెండోది విన్నవాడు "ఏం, ఎందుకు వెళ్ళలేదు?" అంటాడు. కథ మొదలైంది. "వెళ్ళేవాడు, చేసేది, ఉండేవాళ్ళు" అనే రూపాలతోనే పేజీ అంతా నడిపించిన పిల్లవాడి రాతలో ఎన్ని విశేషాలున్నా ఏమీ జరగదు. అలాంటి రాత చేతికి వస్తే దిద్దవద్దు, మార్కు తగ్గించవద్దు. ఒక ప్రశ్న రాసి తిరిగి ఇవ్వండి. అలా జరగని రోజు ఏదైనా ఉందా? ఆ ఒక్క ప్రశ్న చాలాసార్లు సరిపోతుంది.

అసమాపక క్రియల సంగతీ ఇక్కడే చెప్పాలి. తొమ్మిదో తరగతి వ్యాకరణంలో క్త్వార్థకం గుర్తించండి అని బిట్లు ఇస్తాం, గుర్తిస్తారు, అక్కడితో సరి. వాటి అసలు ఉపయోగం కథనంలో ఉంది. "లేచి, ముఖం కడుక్కుని, కాఫీ తాగి, బడిసంచీ సర్దుకుని, బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చున్నాను." ఈ వాక్యం గూడ్సు బండిలా ఎంత పొడుగైనా సాగుతుంది. కానీ బరువంతా చివరి క్రియ మీద పడుతుంది. ముందున్నవన్నీ దారి ఇచ్చేవే. కాబట్టి ఏ పని ముఖ్యమో దానికి సమాపక క్రియ ఇచ్చి వాక్యం ముగించాలి, మిగతావి అసమాపకాల్లోకి పంపాలి. "బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఒళ్ళో చూసుకుంటే సంచీ లేదు." ఇందులో లేవడం, కాఫీ తాగడం అసలు లేనే లేవు. ఎవరికీ లోటు కనిపించదు.

ఇంకో చిన్న నియమం కూడా దీనితో కలిసి వస్తుంది. క్త్వార్థకంలో ఉన్న పనీ, చివరి పనీ సాధారణంగా ఒక్కరే చేయాలి. "నేను స్టేషనుకి వెళ్ళి రైలు వెళ్ళిపోయింది" అంటే చెవికి ఒప్పదు. "నేను స్టేషనుకి వెళ్ళేసరికి రైలు వెళ్ళిపోయింది" అనాలి. ఇది కేవలం వ్యాకరణం దిద్దడం కాదు. "వెళ్ళేసరికి" అన్నమాటలో రెండు సంగతులు ఢీకొన్నాయి. నా ఆత్రం ఒకవైపు, రైలు వేళ ఇంకోవైపు. తెలుగులో ఇలాంటి మాటలు ఎన్నో ఉన్నాయి. ఇంతలో, తీరా చూస్తే, అయినా, అనుకున్నట్టే, చేసేలోగా, విన్నది తడవుగా. "తీరా చూస్తే" అన్నచోట అప్పటిదాకా ఒక ఆశ ఉందనీ అది తప్పిందనీ రెండు ముక్కల్లో తెలిసిపోతుంది. పిల్లలు వీటన్నిటికీ బదులుగా "తర్వాత" అని రాస్తారు. తర్వాత ఇంటికి వచ్చాము. తర్వాత అన్నం తిన్నాము. తరగతిలో ఒక అభ్యాసం చేయించండి. వాళ్ళు రాసినదాంట్లో "తర్వాత" లన్నిటికీ సున్నా చుట్టించి, ప్రతిచోటా "అందుకని", "అయినా", "ఇంతలో" ఈ మూడింటిలో ఏదైనా పొసగుతుందేమో చూడమనండి. ఎక్కడా పొసగకపోతే ఆ రెండు సంగతులకీ సంబంధం లేదన్నమాట. ఒకటి తీసేయవచ్చు. పిల్లలకి ఇది పజిల్లా ఉంటుంది, హుషారుగా చేస్తారు.

చూసినది, విన్నది, ఊహించినది

సైన్సులో మేము పరిశీలనకీ అనుమితికీ తేడా నేర్పుతాం. గోడ తడిగా ఉంది, ఇది పరిశీలన. రాత్రి వాన పడింది, ఇది అనుమితి. ట్యాంకు కారి ఉండవచ్చు కదా. కథనం రాసేవాడికీ ఈ పట్టింపు అవసరం. "నాన్నకి కోపం వచ్చింది" అని రాసిన పిల్లని అడగండి, నీకెలా తెలిసింది అని. కాసేపు ఆలోచించి, "చెప్పులు విసురుగా విడిచారండీ, మాట్లాడకుండా వెళ్ళి పెరట్లో కూర్చున్నారు" అంటుంది. అదే రాయమనండి. కోపం అన్న మాట ఇక అక్కర్లేదు. చదివేవాడు తనంతట తానే ఆ మాట అనుకుంటాడు, తాను అనుకున్నదాన్ని గట్టిగా నమ్ముతాడు.

ఈ విషయంలో తెలుగు మనకి ఒక మంచి పనిముట్టు ఇచ్చింది. "తాత కృష్ణ ఈదాడు" అంటే నేను చూశాను లేదా పూచీ పడుతున్నాను. "తాత కృష్ణ ఈదాడట" అంటే ఎవరో చెబితే విన్నాను. ఆ చిన్న "అట" వల్ల సంగతి ఎక్కడి నుంచి వచ్చిందో విన్నవాడికి తెలిసిపోతుంది. మన అమ్మమ్మలు ఈ తేడాని ఎన్నడూ తప్పేవారు కాదు. బళ్ళో చదువుకున్న మనమే "అట" అనడం నామోషీ అనుకుని, విన్నవన్నీ చూసినట్టు రాస్తున్నాం. వాట్సాప్‌లో వచ్చినవి పిల్లలు పెద్దలు అందరూ పక్కవాళ్ళకి పంపించే ఈ రోజుల్లో, "చూశాను", "అట", "అనుకున్నాను" అనే మూడింటినీ విడదీసి రాయగలగడం తెలుగు పీరియడ్లో నేర్పదగినదే.

ఎవరి కళ్ళతో చూస్తున్నాం అన్నది దీనికి దగ్గరి ప్రశ్న. రాస్ కథలో ఒక మనిషి చివరిదాకా పడుకునే ఉన్నాడు, గమనించారా? హుస్సేన్ ఖాన్. ఒంట్లో జ్వరం, చుట్టూ దోమతెర, లోపల దోమలు, కుట్టిన ప్రతిదానికీ ఒక అణా. మనకి అందినదంతా రాస్ చెప్పినదే. అతని పేరు మిగిలింది, అతనికి ముట్టిన డబ్బు లెక్క మిగిలింది. ఇదే సంగతిని దోమతెర లోపలి నుంచి చెప్పమని మీ పిల్లల్ని అడగండి. చాలా తమాషాగా, చాలా నిజంగా రాస్తారు. దోమతెరలో పడుకోవడం వాళ్ళకి తెలుసు కదా! అయితే రాయించే ముందు ఒక హద్దు గీయాలి. జరిగినట్టు రుజువున్నవి మార్చకూడదు. తేదీ మార్చకూడదు, అణాని రూపాయి చేయకూడదు. అతను ఏమనుకున్నాడన్నది మన ఊహ, కాబట్టి పైన "ఊహాకథనం" అని రాయాలి. నిజమైన మనుషుల గురించి రాసేటప్పుడు ఈ మర్యాద చిన్నప్పుడే అలవాటు కావాలి. ఈ అభ్యాసం వల్ల ఇంకో సంగతి కూడా పిల్లలకి తడుతుంది. దోమతెర లోపల ఉన్నవాడికి ఆగస్టు 20 గొప్ప రోజేమీ కాదు. అతనికి కావలసినది జ్వరం తగ్గడం. కావలసినది మారితే కథే మారిపోతుంది.

గైడు పుస్తకపు సెలయేరు

ముందు చెప్పిన మూడో రకం రాత ఇదే. "నేను చూసిన జాతర" అని వ్యాసం ఇస్తే, బోరబండలో పుట్టి పెరిగిన పిల్లవాడు "పచ్చని పైరులతో, గలగల పారే సెలయేళ్ళతో అలరారే మా గ్రామం" అని మొదలుపెడతాడు. సెలయేరు అతను చూడలేదు, గైడు చూపించింది. బోనాల రోజున వాళ్ళ వీధిలో జరిగినది అతని దగ్గర బోలెడు ఉంది. పోతరాజు వస్తుంటే చెల్లెలు భయపడి వాన్ వెనకాల దాక్కోవడం, తర్వాత ఎంత వెతికినా కనపడకపోవడం. అదంతా రాయదగినదని అతనికి ఎవరూ చెప్పలేదు. పరీక్షలో రాయవలసినది వేరే ఉంటుందనీ, అది తన ఇంట్లో దొరకదనీ అతను నేర్చుకున్నాడు. మన పాఠ్యపుస్తకాల్లో వ్యక్తీకరణ, సృజనాత్మకత అనే శీర్షికలు వచ్చి చాలా ఏళ్ళయింది. వాటి జవాబులు కూడా గైడుల్లో వచ్చేశాయి. సృజనాత్మకతని కంఠస్థం చేయించగలిగిన జాతి మనది, ఆ ఘనత ఎవరూ తీసేయలేరు.

దీనికి మందు ఒకటే. రాయించే ముందు చెప్పించాలి. యాభై మంది ఉన్న తరగతిలో ఇది ఎలా సాధ్యం అంటారు. ఇద్దరిద్దరిని జంటలుగా కూర్చోబెట్టండి. ఒకరు మూడు నిమిషాలు చెప్పాలి, రెండోవారు మధ్యలో "అప్పుడు?", "ఎందుకని?", "ఎక్కడ నిలబడి?" అని అడగాలి. తర్వాత వంతులు మారాలి. గోల అవుతుంది, పక్క తరగతి ఉపాధ్యాయులు వచ్చి చూసి వెళతారు, కానివ్వండి. పది నిమిషాల తర్వాత నోట్సులు తీయమని, ఇప్పుడు చెప్పినదే, చెప్పినట్టే రాయమనండి. మొదటిసారి సగం పేజీ కూడా రాకపోవచ్చు. ఆ సగం పేజీలో సెలయేరు మాత్రం ఉండదు.

చెప్పినట్టే అన్నప్పుడు భాష ప్రశ్న వస్తుంది. కథనం నడిపే వాక్యాలు పిల్లవాడు చదివే పుస్తకాల భాషకి దగ్గరగా ఉండటం మంచిదే. పరీక్ష రాయాలి, రేపు ఉద్యోగంలో రాయాలి. కానీ కొటేషన్ గుర్తుల మధ్య నాయనమ్మ మాట్లాడుతున్నప్పుడు ఆమె మాటే ఉండాలి. కరీంనగర్ నాయనమ్మ "ఏడికి పోతున్నవ్ బిడ్డా" అంటుంది. దాన్ని ఎర్ర సిరాతో కొట్టి "ఎక్కడికి వెళుతున్నావు నాయనా" అని దిద్దితే, భాష దిద్దినట్టు కాదు, నాయనమ్మని ఇంట్లోంచి పంపేసినట్టు. శ్రీకాకుళం, అనంతపురం పిల్లల సంగతీ అంతే. హోసూరులోనో బళ్ళారిలోనో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బయట ఇంకో భాషలో చదువుకునే పిల్లల విషయంలో ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. వాళ్ళకి తెలుగులో ఉన్నదంతా ఆ ఇంటి మాటే. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులు ఎంత పోరాడారో మనం ఏటా ఆగస్టు 29న సభలు పెట్టి చెప్పుకుంటాం. మర్నాడు ఆగస్టు 30న నోట్సులు దిద్దుతూ ఆ సంగతి గుర్తుంచుకుంటే చాలు.

నోట్సులు దిద్దడం గురించి ఒక్క మాట. మొదటి ప్రతిలో అక్షర దోషాలు ముట్టుకోవద్దు. చదివి, మీకు నిజంగా తెలుసుకోవాలనిపించిన ఒక ప్రశ్న అడుగున రాయండి. చెల్లెలు చివరికి ఎక్కడ దొరికింది? ఆ జవాబు కోసం పిల్లవాడు రెండో ప్రతి రాస్తాడు. ఒత్తులూ దీర్ఘాలూ రెండో ప్రతిలో దిద్దవచ్చు. అప్పటికి ఆ కాగితం తన సొంతమైనదిగా అనిపిస్తుంది కాబట్టి దిద్దుబాట్లు కూడా శ్రద్ధగా చూసుకుంటాడు.

మొదలు, చివర

మొదలుపెట్టడం గురించి పిల్లలు ఎక్కువ భయపడతారు. "అనగనగా ఒక ఊళ్ళో" అన్నది మంచి మొదలే, పేదరాశి పెద్దమ్మ కథలకి. తమ ఊళ్ళో నిన్న జరిగినదానికి అది నప్పదు. గురజాడ 1910లో రాసిన దిద్దుబాటు కథ చూపించండి. గోపాలరావు ఎలాంటివాడో, అతని సంసారం ఎలాంటిదో ముందు చెప్పరు. రాత్రి ఒంటిగంట దాటాక అతను ఇంటికి వచ్చి తలుపు పిలవడంతో కథ ఎత్తుకుంటారు. మిగతావన్నీ దారిలో తెలుస్తాయి. మన జంట అభ్యాసంలో కూడా పిల్లలు మాట్లాడేటప్పుడు సరిగ్గా అలాగే మొదలుపెడతారు, కాగితం ముందుకి వచ్చేసరికి మాత్రం "మా ఊరి పేరు" అంటూ వెనక్కి వెళతారు. వాళ్ళ మొదటి పేరా కొట్టేసి రెండో పేరాతో మొదలుపెట్టి చదివి వినిపించండి. పదిలో ఏడెనిమిదిసార్లు అదే బాగుంటుంది.

మనిషి స్వభావం చూపించడానికి పాలగుమ్మి పద్మరాజు గాలివాన కథ పెద్ద తరగతులకి పనికొస్తుంది. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నడిపిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి పొందిన కథ అది. సిద్ధాంతాలతో బిగించుకున్న ఒక పెద్దమనిషిని రచయిత గాలివానలో, ఒక బిచ్చగత్తె ఎదుట నిలబెడతాడు. అతను ఎలాంటివాడో ఎండ రోజుల్లో తెలిసినదానికంటే ఆ రాత్రి ఎక్కువ తెలుస్తుంది. వివరణ అక్కర్లేదు, పిల్లలే చెబుతారు.

ఇక ముగింపు. మన పిల్లలు ప్రతి కథకీ చివర "నీతి" అని రాసి కింద రెండు గీతలు గీస్తారు. పంచతంత్రం నుంచి చందమామ దాకా వచ్చిన అలవాటు అనుకుంటాం గాని, చందమామ బేతాళ కథలనే చూడండి. చివర్లో బేతాళుడు నీతి చెప్పడు, ప్రశ్న వేస్తాడు. చెల్లెలు తప్పిపోయి దొరికిన కథకి "కాబట్టి చిన్నపిల్లల్ని జాగ్రత్తగా చూసుకోవాలి" అని చివర రాయనక్కర్లేదు. దొరికినప్పుడు ఆ పిల్ల ఏం చేస్తోంది? ఎవరో ఇచ్చిన బెల్లం ముక్క తింటూ కూర్చుంది. అంతవరకు రాసి కలం మూయమనండి.

రాబోయే వారానికి ఇంటిపని ఇది. ఇంట్లో పెద్దవాళ్ళలో ఒకరిని, జ్వరంతో గడిపిన ఒక రాత్రి గురించి అడిగి తెలుసుకుని రమ్మనండి. ఎవరి జ్వరమైనా సరే. ఆ రాత్రి ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, దీపం ఉందా లేదా, ఎవరు ఎవరిని పిలవడానికి వెళ్ళారు, తెల్లవారేసరికి ఏమైంది. విన్నవాటికి "అట" పెట్టాలి. ఒక పేజీ దాటకూడదు. సోమవారం పొద్దున్న జంటలుగా కూర్చుని ఒకరిది ఒకరు పైకి చదువుతారు, మీరు వెనక బెంచీలో కూర్చుని వినండి.